‘ఎక్కడున్నావ్?’ అని ఎప్పుడు అడగాలి?

ఈ వారం ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను గురించే. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి, ఆ తర్వాత కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన మేరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా ఆయన విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి బైకు మీద తెనాలి బయల్దేరతారు. తొమ్మిదిన్నర దాటితే నాకు టెన్షన్. ఫోన్ చేస్తే హెల్మెట్ లోపలికి ఫోను దూర్చి, మాట్లాడుతూనే బండి నడిపేస్తారు. ఎత్తకపోతే ఒక భయం, ఎత్తితే ఇంకో భయం. ఈ అలవాటు ఎలా మాన్పించాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, నొచ్చుకోకండి. ఆయన చేత మాన్పించడం కంటే మీరు మానడం తేలిక. ఆయన బండి మీద ఉన్నారని తెలిసిన ఆ గంటన్నరా మీరు ఫోన్ చేయకండి. మోగుతున్న ఫోనును అలా వదిలెయ్యడం ఎవరికైనా కష్టమే. ఇంటి నుంచి వచ్చిన ఫోనైతే మరీ కష్టం.

నాకు జరిగింది చెబుతాను. 2009లో గుంటూరు–హైదరాబాదు రాత్రి సర్వీసు నడుపుతున్నాను. అప్పుడు మా అమ్మకు ఒంట్లో బాగాలేదు. మిర్యాలగూడ దాటాక చొక్కా జేబులో ఫోను వణికింది. ఎత్తలేదు. ఎవరా అని పైకి తీసి చూశాను, అంతే. ఇంటి నంబరు. తలెత్తేసరికి ఎదురుగా గడ్డి ట్రాక్టరు, వెనక లైటు లేదు. బ్రేకు మీద నిలబడిపోయాను. కండక్టరు వచ్చి గేరు రాడ్డు పక్కన పడ్డాడు. ముందు సీట్లో ముసలావిడ చేతిలోని మరచెంబు దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. హెడ్‌లైట్ల వెలుగులో గడ్డి పరకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి, అంత దగ్గరగా ఆగింది బస్సు. ఇంతకీ ఫోన్ చేసింది, అమ్మకు జ్వరం తగ్గిందని చెప్పడానికట. మర్నాటి నుంచి డ్యూటీ ఎక్కగానే ఫోను ఆపేసి సంచిలో పడేసేవాణ్ణి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఫోను తీసి పేరు చదవడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి, 50 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. మంగళగిరి నుంచి దుగ్గిరాల మీదుగా తెనాలి వచ్చే దారిలో ఆ 50 మీటర్లలో గేదె అడ్డం రావచ్చు, లైటు లేని సైకిలు రావచ్చు.

మరి మీ భయం సంగతి? అది ఊరికే పొమ్మంటే పోదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఉంటుంది: 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని అడుగుతుంది. గంట మీకు చాలదు కాబట్టి 8 గంటలది నొక్కి, ఫోను సంచిలో పెట్టి బయల్దేరమనండి. ఇల్లు చేరాక ఆపేసుకోవచ్చు. వారధి దాటారో, మంగళగిరి దాటారో మీకు ఇంట్లోనే కనిపిస్తుంది. సిగ్నల్ లేని చోట బొమ్మ కాసేపు కదలదు, దానికి కంగారు పడకండి. ఇంకొకటి, మంగళగిరి దాటాక ఏదో ఒక టీ కొట్టు దగ్గర రోజూ రెండు నిమిషాలు ఆగి, ఆయనే మీకు ఫోన్ చేసేలా మాట్లాడుకోండి. నిజంగా అవసరం పడితే ‘బండి ఆపి ఫోన్ చెయ్యండి’ అని ఒక్క మెసేజ్ పెట్టండి. వరసగా నాలుగుసార్లు రింగ్ ఇస్తే ఇంట్లో ఏదో అయిందనుకుని నడుపుతూనే ఎత్తుతారు. తప్పక చేయాల్సి వస్తే, ఆయన ఎత్తగానే మొదటి మాట ‘బండి ఆపారా?’ అనే ఉండాలి. లేదంటే వెంటనే పెట్టెయ్యండి. నాలుగు రోజులు ఇలా చేస్తే ఆయనకే అలవాటవుతుంది.

ప్రశ్న: నా కారులో బ్లూటూత్ ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి. ఇక మాట్లాడితే తప్పేంటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చేతులు స్టీరింగ్ మీద ఉంటే చాలదండీ, మనసు కూడా అక్కడే ఉండాలి. పక్క సీట్లో కూర్చున్న మనిషి ఎదురుగా లారీ వస్తుంటే తనంతట తానే మాట ఆపేస్తాడు. ఫోనులో ఉన్న మనిషికి ఆ లారీ కనపడదు, ఆయన పొలం గొడవ చెబుతూనే ఉంటాడు. ఫోను వాడే డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం వాడనివాళ్ళ కంటే సుమారు 4 రెట్లు ఎక్కువని, చేతిలో పట్టుకోకుండా మాట్లాడినా పెద్ద తేడా ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డ్రైవింగ్ నేర్పేటప్పుడు నేను కుర్రాళ్ళను పక్కన కూర్చుని ఎక్కాలు అడిగేవాణ్ణి. పదిహేడో ఎక్కం చెబుతూ చెబుతూ అద్దం చూడటం మానేసేవారు. మాట్లాడి తీరాల్సిన ఫోనైతే పెట్రోలు బంకులోకి కాదు, రోడ్డు పక్కన చోటు చూసుకుని ఆపి మాట్లాడండి.

ప్రశ్న: హైదరాబాదులో డెలివరీ పని చేస్తున్నాను. మ్యాప్ కోసం ఫోను హ్యాండిల్‌కు తగిలించుకుంటే ఫైన్ వేస్తారా?
– ఒక యువకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, దారి చూసుకోవడానికి ఫోను వాడొచ్చని, అదీ నడిపే ధ్యాస చెదరకుండా వాడాలని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. చేతిలో పట్టుకుని మాట్లాడటం మాత్రం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కిందికి వస్తుంది. మొదటిసారి వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే జరిమానా 10 వేలు, లేదా జైలు రెండేళ్ళ దాకా, లేదా రెండూ.

బయల్దేరే ముందే మొదటి రెండు మలుపులు చూసి గుర్తుపెట్టుకో. తర్వాత మ్యాప్ గొంతు విను, బొమ్మ చూడకు. మలుపు తప్పితే తప్పనీ, ముందుకెళ్ళి తిరిగి రావచ్చు. కొత్త ఆర్డరు మోగితే పక్కకు ఆపి నొక్కు. ఒక ఆర్డరు పోతే ఎంత నష్టమో నీ కడుపుకే తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆగమనే చెబుతాను.

ప్రశ్న: ఎక్కిన బస్సులో డ్రైవరు ఫోన్ మాట్లాడుతుంటే ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఆయన భుజం తట్టకు తల్లీ, ఉలిక్కిపడతాడు. ముందు కండక్టరుకు చెప్పు. కండక్టరు లేని బస్సైతే స్టాపులో ఆగాక నెమ్మదిగా నువ్వే చెప్పు. వినకపోతే బస్సు నంబరు, టైము, ఏ ఊరి దగ్గరో రాసుకుని, దిగాక డిపో మేనేజరుకు ఇవ్వు. ఫిర్యాదు రాసిస్తే డ్రైవరు ఉద్యోగం పోతుందేమోనని జాలిపడి ఊరుకోకు. నాకు ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదు, మరచెంబు మాత్రం ఆ ముసలావిడకు నేనే తీసి ఇచ్చాను. ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి.