బాగుందన్నారు, అయినా ఎందుకు వేయలేదు?

‘బాగుంది కానీ వేయలేం’ అంటూ ముగ్గురు ప్రచురణకర్తలు మీ నవలను తిప్పి పంపారని, వెయ్యి ప్రతులైనా పోయేవి కదా అని రాశారు. పోయేవే కావచ్చు. చిక్కంతా అవి ఎన్నాళ్లకు పోతాయన్న దగ్గరే ఉంది.

లెక్క వేసి చూడండి. పుస్తకం వెల 200 రూపాయలు అనుకుందాం. దుకాణానికి 40 శాతం పోతే మిగిలేది 120. కాగితం, అచ్చు, బైండింగుకు 70, మీ రాయల్టీ 20 తీసేయండి. చివరి 30 రూపాయల్లోనే డీటీపీ (కంప్యూటర్లో పేజీల కూర్పు), ప్రూఫులు దిద్దడం, ముఖచిత్రం, గోడౌను అద్దె సర్దుకోవాలి. వెయ్యి ప్రతులకు అచ్చు ఖర్చు 70 వేలు ముందే పెట్టాలి. అది మూడేళ్లకు గానీ తిరిగి రాకపోతే ఈలోగా వేయాల్సిన పుస్తకాలు ఆగిపోతాయి. నాకు తెలిసిన ఒక ప్రచురణకర్త ఇంట్లో మంచం కింద కూడా పుస్తకాల కట్టలే. అడుగు కట్టకు చెద పట్టింది. అవన్నీ మంచి పుస్తకాలే, నెమ్మదిగా కదిలేవి, అంతే. అలాంటి మనిషి మీ రాతప్రతిని చూసి జంకితే తప్పు పట్టలేను.

కాబట్టి నవలను తిరగరాయకండి, దయచేసి. ఈసారి దానితో పాటు ఒక పేజీ జతచేయండి: మీ కథలు ఏ పత్రికల్లో వచ్చాయి, మీ ఊళ్లో ఎవరు కొంటారు, ఆవిష్కరణ సభలో ఎన్ని ప్రతులు పోతాయి. వేసవిలోనే పంపండి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు ఉంటాయి, అక్కడైతే డబ్బు వెంటనే చేతికొస్తుంది. ముందు 300 ప్రతులే డిజిటల్ ముద్రణలో వేద్దామని మీరే అడగండి.