గుంటూరు నాటికల స్టేజ్ మేనేజర్‌కి ఈవెంట్ కంపెనీల నుంచి కాల్ ఎందుకు రావట్లేదంటే

లోటు మీ అనుభవంలో లేదు, రెజ్యూమెలో ఉంది. "పరిషత్తు నాటికలకు స్టేజ్ మేనేజర్" అని ఒక్క లైను చూసి, కుర్చీలు సర్దే పనేమో అనుకుని పక్కన పెట్టేస్తారు.

1. హోదాతో ఆగకుండా పనులు రాయండి: రిహార్సల్ షెడ్యూల్, ప్రాపర్టీల (స్టేజ్ మీద వాడే వస్తువుల) జాబితా, లైటు, సౌండు క్యూలు (ఏది ఎప్పుడు జరగాలో చెప్పే సంకేతాలు).

2. దాదాపు అందరూ వదిలేసేది క్యూ షీట్. మీ ప్రాంప్ట్ కాపీ (క్యూలన్నీ రాసుకున్న స్క్రిప్టు) లోంచి ఒక్క పేజీ శుభ్రంగా టైపు చేసి జతచేయండి. క్యూ నంబరు, ఏ డైలాగు మీద, లైటా సౌండా, ఎవరు చేయాలి, అంతే. ఇలా: "క్యూ 14: తండ్రి ఉత్తరం చించగానే ఎడమ లైటు డిమ్, వెంటనే రైలు కూత." ఈవెంట్లలో షో కాలర్ (షో నడుస్తుండగా క్యూలు చెప్పే మనిషి) చేసేదీ ఇదే, కాకపోతే డైలాగు బదులు యాంకర్ మాట. నాటికకీ నాటికకీ మధ్య సెట్టు మార్చడానికి ఎంత టైం ఇచ్చారో, మీరు ఎంతలో ముగించారో కూడా వేయండి. స్క్రిప్టు మొత్తం మాత్రం పంపకండి, అది రచయితది.

3. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో చేసి ఉంటే హాలు పేరు రాయండి.

4. ముందు షో కాలర్, ప్రొడక్షన్ కోఆర్డినేటర్, టీవీ ఫ్లోర్ మేనేజర్ పోస్టులకు అప్లై చేయండి. ఈవెంట్ మేనేజర్ అంటే క్లయింట్లను తెమ్మంటారు, అది తర్వాత చూసుకోవచ్చు.