నగర పటాల డేటాను ప్రజలకు అందించబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నగరపాలక సంస్థ దగ్గరున్న భౌగోళిక సమాచారాన్ని అందరూ వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే బాధ్యత నీకు అప్పగించారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. చూడటానికి అందంగా ఉండే పటాల వెబ్‌సైటు కట్టించడంతో మాత్రం మొదలుపెట్టకు. తెర మీద జరుపుతూ చూసే పటం వేరు, పౌరుడు దించుకుని తన పనికి వాడుకోగల డేటా వేరు. వరద నీరు ఏ వీధుల్లో నిలుస్తుందో లెక్క కట్టదలచిన విద్యార్థికి మురుగు కాల్వల ఫైలు కావాలి గాని, దాని బొమ్మతో పని జరగదు. పీడీఎఫ్‌లో అచ్చు వేసినట్లు ఇచ్చిన పటం కూడా ఈ విషయంలో బొమ్మతో సమానమే.

అన్ని విభాగాల లేయర్లనూ, అంటే వీధులు, కాల్వలు, భవనాలు ఇలా ఒక్కో రకం వివరానికి ఒక్కో పొరగా ఉండే పటాల డేటాను, ఒకేసారి పెట్టాలన్న ఒత్తిడి పైనుంచి తప్పక వస్తుంది. దానికి లొంగకు. వార్డు సరిహద్దులు, వీధుల మధ్యరేఖలు, ప్రభుత్వ భవనాలు, ఈ మూడూ సరిగ్గా ఉండి ఏటా తాజా అవుతూ ఉంటే, ఒకసారి పెట్టి మరచిపోయిన నలభై లేయర్ల కంటే ఎంతో మేలు. ప్రతి లేయరును ఏ విభాగం సేకరించింది, ఎప్పుడు, ఏ పద్ధతిలో, ఎంత ఖచ్చితత్వంతో సేకరించింది, మళ్లీ ఎప్పుడు సవరిస్తారు అన్న వివరాలతో ఒక పేజీ వివరణ రాయించు. లోపాలు ఉన్నాయని చెప్పుకోవడానికి అధికారులు జంకుతారు. కానీ శివారు వీధుల సర్వే ఇంకా పూర్తి కాలేదని ముందే రాసి ఉన్న డేటాను జనం నమ్మినట్లు, ఏమీ చెప్పని డేటాను నమ్మరు.

కోఆర్డినేట్ల, అంటే ఒక చోటు ఎక్కడుందో తెలిపే అంకెల, సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ నష్టం చూసింది ఇక్కడే. ఇంజనీరింగ్ విభాగం భూమిని మండలాలుగా విడదీసి దూరాలను మీటర్లలో చెప్పే యూటీఎం గ్రిడ్ వాడుతుంది, పాత సర్వే పటాలు మరో డేటమ్ (కొలతలకు ఆధారంగా తీసుకునే భూమి నమూనా) మీద ఉంటాయి, జీపీఎస్ పరికరాలు డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రపంచవ్యాప్త ఆధారం మీద అక్షాంశ రేఖాంశాలు ఇస్తాయి. ఏది ఏ ఆధారం మీద ఉందో తెలుసుకోకుండా కలిపితే, వీధులు వందల మీటర్ల దూరం జరిగిపోయి కూడా పటం చూపుకు నిండుగానే కనిపిస్తుంది. ఒకసారి మేము ప్రొజెక్షన్ (గుండ్రని భూమిని చదునైన పటం మీదికి తెచ్చే పద్ధతి) వివరం ఉండే పీఆర్‌జే ఫైలును జతచేయకుండానే నీటి పైపుల షేప్‌ఫైల్‌ను, అంటే పటాల డేటాకు చాలాకాలంగా వాడుతున్న ఒక ఫైలు రూపాన్ని, పంపించాం. దాన్ని వాడిన బృందం తన ఊహ ప్రకారం ప్రొజెక్షన్ ఎంచుకుని, వారాల తరబడి తప్పు చోట లెక్కలు వేసింది. ఆ శ్రమ వృథా కావడానికి కారణం మా అజాగ్రత్తే.

అందుకే ప్రతి లేయరునూ కనీసం రెండు రూపాల్లో ఇవ్వు. వెబ్‌లో వాడేవారికి పటం డేటాను మామూలు పాఠ్యంగా రాసే జియోజేసన్ రూపం సరిపోతుంది. 2016లో వచ్చిన దాని ప్రమాణం ప్రకారం కోఆర్డినేట్లు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉండాలి, రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత రాయాలి. ఈ వరుస తారుమారైతే మన నగరం ఎక్కడో ఉత్తర ధ్రువ ప్రాంతంలో తేలుతుంది. డిగ్రీలలో దశాంశ స్థానాలు ఆరు చాలు, ఆరో స్థానం విలువ సుమారు 11 సెంటీమీటర్లే కాబట్టి, పదిహేను స్థానాలు ఇవ్వడం వల్ల ఫైలు బరువెక్కడమే తప్ప ఖచ్చితత్వం పెరగదు. జీఐఎస్ (భౌగోళిక సమాచారాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్) నిపుణుల కోసం, లేయర్లన్నీ ఒకే ఫైలులో ఇమిడే జియోప్యాకేజ్ రూపం ఇవ్వు. షేప్‌ఫైల్‌ను ఇంకా చాలామంది అడుగుతారు, ఇవ్వవచ్చు గాని, అందులో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు ఉంటుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపిలోని ఒక్కో సంకేతానికి (అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా) మూడు బైట్లు పడతాయి కనుక, తెలుగు పేరు పెట్టావంటే మూడు సంకేతాల దగ్గరే తెగిపోతుంది.

ప్రతి వీధికీ, ప్రతి వార్డుకూ మారని గుర్తింపు సంఖ్య ఉండాలి. కొత్త విడత విడుదల చేసిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ వరుస సంఖ్యలు మళ్లీ వేస్తే, వాటి ఆధారంగా ఆసుపత్రుల జాబితానో బస్సు మార్గాలనో అనుసంధానించుకున్నవారి పనంతా ఒక్క రాత్రిలో చెడిపోతుంది. వార్డులు పునర్విభజన అయితే పాత సరిహద్దులను తీసివేయకుండా, అమలులో ఉన్న తేదీలతో సహా అక్కడే ఉంచు. గత ఎన్నికల ఫలితాలను పోల్చేవారికి అవి లేకపోతే దారి లేదు. ఫైలు ఉన్న లింకునూ మార్చవద్దు.

లైసెన్స్ రాయకుండా పెట్టిన డేటాను జాగ్రత్తపరులెవరూ ముట్టుకోరు. మూలం పేర్కొంటే చాలు అనుకుంటే క్రియేటివ్ కామన్స్ బై 4.0 లైసెన్స్ సరిపోతుంది, అయితే స్వచ్ఛంద కార్యకర్తలు అందరి కోసం తయారుచేసే ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చుకోవడానికి ఆ సంస్థ అదనంగా అనుమతి పత్రం అడుగుతుంది కాబట్టి, దాన్ని ముందే సిద్ధం చేసి ఉంచు. అంతకంటే ముందు ఆ డేటా నిజంగా నగరానిదేనా అని విచారించు. గుత్తేదారు ఏదైనా వాణిజ్య పటం మీద గీసి ఇచ్చి ఉంటే, దాన్ని పంచే హక్కు మీకు ఉండకపోవచ్చు. డేటాను అమ్మితే ఆదాయం వస్తుంది కదా అనేవారికి అమెరికా ప్రభుత్వపు లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల సంగతి చెప్పు. 2008లో వాటిని ఉచితం చేశాక వాడకం ఎన్నో రెట్లు పెరిగింది.

అన్నీ బయట పెట్టదగినవి కావు. ఆస్తిపన్ను లేయరులో యజమాని పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు, పటం మీద ఇంటిని చూపే బిందువే ఆ మనిషిని పట్టిస్తుంది. పౌరుల ఫిర్యాదులను వీధి స్థాయికో వార్డు స్థాయికో కూడి ఇవ్వు. తాగునీటి వాల్వుల స్థానాల విషయంలో సంబంధిత ఇంజనీరు మాటే పాటించు.

తప్పులు తెలియజేసేవారికి ఒక చిరునామా ఉండాలి, దానికి జవాబిచ్చే మనిషీ ఉండాలి. వచ్చిన సవరణను పెట్టిన ఫైలులో కాకుండా, ఆ విభాగం రోజూ వాడే మూల పటంలోనే చేయించు, లేకపోతే తరువాతి విడతలో అదే తప్పు తిరిగి వస్తుంది.

వార్డు సరిహద్దుల వివరణ పేజీ మొదటి ప్రతి తయారయ్యాక నాకు పంపు. చదివి, తెలియనివాడిగా నాకు కలిగే సందేహాలన్నీ రాసి పంపుతాను.