ట్విన్ టర్బోలు కొనబోయే అల్లుడికి

అల్లుడూ,

నిన్న ఫోన్లో "700 హార్స్‌పవర్ కిట్ అంట మావయ్యా" అన్నావు చూడు, అప్పటికే మనసులో కొనేసినట్టు అనిపించింది నాకు. నేను లారీల టర్బోలు, అంటే ఇంజన్ పొగతో తిరిగి ఇంజన్లోకి గాలిని నొక్కి పంపే పంపులు, విప్పి బిగించేవాణ్ణి. నీ బిఎండబ్ల్యూ ఎం4 లాంటి బండి పాలకొల్లు షెడ్డులోకి రోజూ రాదు. కానీ గాలి లెక్క ఏ బండికైనా ఒకటే కాబట్టి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదువు.

నీ ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే 431 హార్స్‌పవర్. దానికంటే ముఖ్యం, 550 న్యూటన్ మీటర్ల లాగుడు 1,850 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 5,500 దాకా తగ్గదు. నువ్వు రోజూ ఎంజాయ్ చేసేది ఆ లాగుడునే. వారమంతా హైదరాబాద్ ట్రాఫిక్, పండక్కి ఇక్కడికి. తణుకు దాకా హైవే సరే, మార్టేరు వైపు తిరిగాక నీ ఇంజన్ 2,000కీ 4,500కీ మధ్యే బతకాలి. పెద్ద టర్బోలు వేస్తే 3,500 దాటేదాకా బండి నిద్రపోతుంది. ట్రాక్టర్‌ని దాటుదామని తొక్కుతావు, ఏమీ రాదు. వచ్చేసరికి ఎదురుగా ఆర్టీసీ బస్సు. పైగా దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చేపల లారీలు కార్చిన నీళ్ళు మిగతా సగం మీద. అక్కడ బూస్ట్, అంటే టర్బో నొక్కే గాలి ఒత్తిడి, ఒక్కసారి విరుచుకుపడితే వెనక చక్రాలు ఎటు పోతాయో నీకే తెలియదు.

అందుకే 700 మాట వదిలెయ్. బిఎండబ్ల్యూ వాళ్ళే ఎం4 జిటిఎస్‌లో ఇదే ఇంజన్‌కి నీళ్ళు చిమ్మే ఏర్పాటు పెట్టి 500 తీశారు. నీకు 600 చాలు, అదీ ఎక్కువే.

ఇప్పుడు లెక్క చూడు. పెట్రోల్ ఇంజన్లో నిమిషానికి ఒక పౌండు గాలికి సుమారు 10 హార్స్‌పవర్ వస్తుంది. 600కి 60 పౌండ్లు. ఆరు సిలిండర్లలో మూడింటికి ఒక టర్బో కాబట్టి ఒక్కోదాని వాటా 30. అమ్మేవాణ్ణి కంప్రెసర్ మ్యాప్ అడుగు, టర్బో ఎంత గాలిని ఎంత బాగా నొక్కగలదో చూపే గ్రాఫ్ అది. అది లేదంటే ఆ షాపులోంచి బయటికొచ్చెయ్. మ్యాప్‌లో అడ్డంగా గాలి, నిలువుగా ప్రెషర్ రేషియో, అంటే టర్బోలోంచి బయటికొచ్చే గాలి ఒత్తిడి లోపలికెళ్ళేదానికి ఎన్ని రెట్లో, ఉంటాయి. 1.5 బార్ బూస్ట్ అంటే మన డెల్టాలో, సముద్రమట్టం కదా, రేషియో 2.5. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, అదే బూస్ట్‌కి అక్కడ 2.6 దగ్గరికి పోతుంది. ఫిల్టర్ దగ్గర తగ్గే ఒత్తిడి దీనికి అదనం. అంటే టర్బో ఎక్కువ కష్టపడేది నీ ఊళ్ళోనే, మా దగ్గర కాదు.

ఆ 30, 2.6 కలిసే చోటు మ్యాప్‌లో మధ్య గీతల్లో, అంటే 75 శాతం ఎఫిషియెన్సీ దగ్గర పడాలి. 35 డిగ్రీల గాలిని 2.5 రేషియోకి నొక్కితే, ఎఫిషియెన్సీ 75 ఉన్నప్పుడు దాదాపు 160 డిగ్రీలకు వేడెక్కుతుంది. 65కి పడితే 175 దాటుతుంది. ఆ వేడి అంతా గాలిని చల్లార్చే కూలర్ మీద పడుతుంది, మన మే నెల ఎండలో అది చల్లార్చలేకపోతే నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోల్ వేళకాని వేళ తనంతట తనే పేలడం. మ్యాప్‌లో ఎడమ పక్క సర్జ్ గీతకి దగ్గరైనా ప్రమాదమే, కింద ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కితే గాలి వెనక్కి తంతుంది, దాన్నే సర్జ్ అంటారు, బేరింగ్ పోతుంది. టర్బైన్ హౌసింగ్‌కి, అంటే పొగ తిరిగే గదికి, ఏ బై ఆర్ అని దాని దారి సైజు చెప్పే ఒక నెంబరు ఉంటుంది. చిన్నదైతే తొందరగా అందుకుంటుంది, పైన ఊపిరాడదు. నీకు చిన్న వైపే మంచిది.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: రెండూ ఒకే బ్యాచ్‌వి, రెండూ విడివిడిగా బ్యాలెన్స్ చేసిన కాగితంతో రావాలి. ఒకటి పోయిందని ఒకటే మార్చకు. కాడికి ఒక పక్క కోడె, ఒక పక్క ముసలి ఎద్దు కట్టినట్టు, బలమైనది ముందుకు నెడుతుంటే బలహీనమైనది సర్జ్‌లో పడి చస్తుంది. సగం రేటుకి వచ్చే డూప్లికేట్ల జోలికి పోకు. షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, ఏ మాత్రం తేడా ఉన్నా రెక్క విరిగి ఇంజన్లోకే వస్తుంది. నీ ఇంజన్లో టర్బైన్ హౌసింగ్, మ్యానిఫోల్డ్ కలిసే ఉంటాయి కాబట్టి ఒరిజినల్ హౌసింగ్‌లోనే కాస్త పెద్ద రెక్కల చక్రాలు వేసిన జతలు దొరుకుతాయి. నాకైతే అదే సరైన దారి అనిపిస్తోంది. పైప్‌లు, వాటర్ లైన్లు మార్చక్కర్లేదు.

టర్బోల కంటే ముందు డబ్బు పెట్టాల్సినవి ఉన్నాయి. ఈ ఇంజన్‌కి క్రాంక్ హబ్, అంటే క్రాంక్ షాఫ్ట్ చివర టైమింగ్ చైన్‌ని తిప్పే భాగం, జారే జబ్బు ఉంది, జారితే టైమింగ్ పోయి వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు. అది జారకుండా ముందు పిన్ వేయించు. సిలిండర్లు గాలి పట్టి ఉంచుతున్నాయో లేదో తెలిసేలా కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు చేయించు. తర్వాత పెట్రోల్. నాకింగ్‌ని బాగా తట్టుకునే 100 ఆక్టేన్ పెట్రోల్ పెద్ద ఊళ్ళలో, అదీ కొన్ని బంకుల్లోనే. ట్యూనింగ్ చేసేవాణ్ణి 95 ఆక్టేన్‌కి సరిపడే ఇంజన్ సెట్టింగ్ (దాన్నీ మ్యాప్ అనే అంటారు) కూడా వేరేగా రాయమను, లేకపోతే పాలకొల్లు వచ్చాక బండి షెడ్డులో పెట్టి నా స్కూటర్ మీద తిరగాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఎక్కువ పొయ్యాలి, కాబట్టి పెట్రోల్ అందించే హై ప్రెషర్ పంపు ఎంత దాకా ఇవ్వగలదో ముందే కనుక్కో.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే అంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది అదే. మీ నాన్నకి చెప్పకుండా చేస్తున్నావని తెలుసు, ఈ ముక్క మాత్రం ఆయనకి చెప్పు.

చివరగా, విప్పిన పాత జతని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యకు. ఎంత ఆశ పెట్టినా సరే. నోళ్ళకి టేపు వేసి, ఆయిల్ లైన్లు, బోల్టులతో సహా ఒక పెట్టెలో పెట్టించి సంక్రాంతికి తీసుకురా. అమ్మేటప్పుడు మళ్ళీ బిగించడానికి కావాలి. షాఫ్ట్ ఎంత ఆడుతోందో నేను చూసి పెడతాను.

నీ మావయ్య