కడపలో ఎమ్మెస్సీ చదువుతూ ఆస్ట్రోఫిజిక్స్ పీహెచ్‌డీకి పోవచ్చా?

తమ్ముడూ, కడపలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నానని, సిలబస్‌లో ఆస్ట్రోఫిజిక్స్ పేపరే లేదని, ఇంట్లో బీఈడీ చేయమంటున్నారని రాశావు. ఇట్లాంటప్పుడు పీహెచ్‌డీ సీటు వస్తుందా అని కదా నీ సందేహం? వస్తుంది. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఎమ్మెస్సీ అనంతపురంలో. సీటు వచ్చేదాకా పెద్ద టెలిస్కోపును ఫొటోల్లోనే చూశాను.

పేపర్ లేదని బెంగపడొద్దు. పీహెచ్‌డీ ప్రవేశానికి రాసే జెస్ట్ పరీక్షలోనూ, ఫెలోషిప్ ఇచ్చే నెట్ జేఆర్‌ఎఫ్ పరీక్షలోనూ అడిగేది మామూలు ఫిజిక్సే: మెకానిక్స్, క్వాంటం, ఈఎం (విద్యుదయస్కాంత) థియరీ, స్టాటిస్టికల్ మెకానిక్స్. ఖగోళ పరిశోధన సంస్థలైన బెంగళూరు ఐఐఏ, పుణె ఐయూకా, నైనిటాల్ ఏరీస్ నోటిఫికేషన్లు విడివిడిగా చూసుకుంటూ ఉండు.

ఇంటర్వ్యూకి నేను బ్లాక్ హోల్స్ బట్టీపట్టి పోయాను. వాళ్లు బోర్డు మీద ఒక గోళం గీసి, లోపల సగం దూరంలో గురుత్వ బలం ఎంత అన్నారు. ఇంటర్ లెక్క! సాంద్రత అంతటా ఒకటే అయితే ఉపరితలం మీద ఉన్నదానిలో సగం. టెన్షన్‌లో నాలుగో వంతు అనేశాను. చాక్‌పీస్ ఇచ్చి మళ్లీ చేయమన్నారు, సరిచేసుకున్నాను. వెంటనే, లోపలికి పోయేకొద్దీ సాంద్రత పెరిగితే అని అడిగారు. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. నా ఇంగ్లిష్ తడబడినా ఎవరూ పట్టించుకోలేదు.

చేరాక మొదటి ఏడాది కోర్సువర్కు. తర్వాత పనంతా కంప్యూటర్ ముందే, లైనక్స్, పైథాన్. టెలిస్కోపు దగ్గర గడిపిన రాత్రులు నాకు ఏడాదికి పట్టుమని పది కూడా లేవు. మొదటిసారి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి పోయింది మే నెలాఖరులో. అక్కడి వైను బప్పు టెలిస్కోపు అద్దం 2.34 మీటర్లు. మాకిచ్చిన మూడు రాత్రుల్లో రెండు మబ్బుకే పోయాయి. పోయిన రాత్రికి బదులు రాత్రి ఇవ్వరు. అక్కడ ఉండగా నాయన ఫోన్ చేశాడు. సేద్యానికి వాన కోసం చూస్తున్న మనిషి. ‘మబ్బు పట్టిందని ఏడ్చేటోణ్ణి నిన్నే చూస్తాండా. దాన్ని రవ్వంత ఇట్లా తోలు’ అన్నాడు.

డబ్బు సంగతి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) మారితే 42,000. హెచ్‌ఆర్‌ఏ వేరే. నాకు ఒకసారి నాలుగు నెలలు ఆగిపోయింది కాబట్టి కొంచెం చేతిలో పెట్టుకో. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, అవీ తరచుగా విదేశాల్లో. పర్మనెంట్ ఉద్యోగం దొరికేసరికి ముప్పై అయిదు దాటొచ్చు. ఈ మాట ఇంట్లో దాచొద్దు. ఇంటికి వెంటనే జీతం కావాలంటే బీఈడీయే నయం, అందులో చిన్నతనమేమీ లేదు.

ఏ సంగతీ తేల్చుకునే ముందు ఒక పని చెయ్యి. నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలిచిన గయా ఉపగ్రహం డేటా ఉచితం. కృత్తిక నక్షత్రాల గుంపు ఉన్న వైపు నక్షత్రాలు డౌన్‌లోడ్ చేసుకుని, పారలాక్స్ (దూరాన్ని తెలిపే కోణం) 7.4 మిల్లీ ఆర్క్‌సెకన్ల చుట్టుపక్కల ఉన్నవే ఏరుకో. రంగు ఒక అక్షం మీద, ప్రకాశం ఇంకో అక్షం మీద పెట్టి పైథాన్‌లో గ్రాఫ్ గియ్యి. వాలుగా ఒక గీత వస్తుంది. చుట్టూ కొన్ని దారితప్పిన చుక్కలు కూడా ఉంటాయి. అవి ఎందుకున్నాయో తెలుసుకోవాలని రాత్రి రెండింటిదాకా కూర్చున్నావనుకో, నాకు చెప్పు.