సిల్వియా సాంద్రత 0.6 ఎలా వచ్చింది?

87 సిల్వియా అనే గ్రహశకలం సాంద్రత మీ లెక్కలో ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాములే ఎలా వచ్చిందని అడిగారు. మీరు వాడిన ద్రవ్యరాశి సరైనదే, తప్పంతా వ్యాసంలో ఉంది. 87 సిల్వియాను 360 కి.మీ. గోళంగా తీసుకున్నారు కాబట్టే సాంద్రత 0.6 వచ్చింది. ఆ లెక్కన అది నీళ్లపై తేలాలి! 360 దాని పొడవు మాత్రమే; మిగతా రెండు వైపులా చాలా సన్నం, బంగాళాదుంపలా ఉంటుంది. అంతే ఘనపరిమాణం గల గోళానికి వ్యాసం దాదాపు 270 కి.మీ. అది వేసి చూడండి, ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాముల దగ్గర వస్తుంది. రాతికి ఇదీ తక్కువే. లోపల మంచు, ఖాళీలు ఉండవచ్చని అంచనా. ద్రవ్యరాశిని మాత్రం అనుమానించకండి, రోములస్, రెమస్ అనే దాని రెండు ఉపగ్రహాల కక్ష్యల నుంచి లెక్కకట్టినది. అన్నట్టు, 1866లో నార్మన్ పాగ్సన్ దీన్ని కనుగొన్నది మద్రాసు వేధశాల నుంచే.