1954 నాటి ‘ఆగమెమ్నాన్’ ఓడ ప్రయాణం రాజకుటుంబాల పెళ్లిచూపులేనా? ఆ దారిలో ఇప్పుడు వెళ్లొచ్చా?

మీరు అడిగినవి మూడు. 1954లో గ్రీసు రాణి ఫ్రెడెరికా యూరప్ రాజకుటుంబాలను ఓడెక్కించింది పిల్లలకు సంబంధాలు కుదర్చడానికేనా? ఆ ఫొటోల్లో ఎవరు ఎవరో పోల్చుకోవడం ఎలా? అదే దారిలో ఇప్పుడు మనం వెళ్లగలమా? మొదటిదానికి సూటిగా చెప్పాలంటే, అసలు లెక్క టూరిజం. సంబంధాలు కొసరు.

అప్పటి గ్రీసు పరిస్థితి చూడండి. జర్మన్ల ఆక్రమణ ముగిసిందనుకునేలోపే అంతర్యుద్ధం, అది 1949 దాకా సాగింది. 1953 ఏప్రిల్‌లో తమ కరెన్సీ డ్రాక్మా విలువను ఒక్క దెబ్బకు సగానికి తగ్గించారు. డాలరుకు 15 వేలు పలికేది 30 వేలయింది. అదే ఏడాది ఆగస్టులో భూకంపం వచ్చి సెఫలోనియా, జాకింతోస్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. 1954 మేలో మూడు సున్నాలు కొట్టేసి కొత్త డ్రాక్మా తెచ్చారు. విదేశీయుడికి గ్రీసు ఇంత చవగ్గా ఎప్పుడూ లేదు, కానీ అక్కడికి విహారానికి వెళ్లాలన్న ఆలోచనే చాలామందికి రాలేదు. వందమందికి పైగా రాజకుటుంబీకులు ఒకే ఓడలో దీవి దీవికీ తిరిగితే పత్రికలు వెంటపడతాయి, ఖర్చు లేకుండా ఊళ్ల పేర్లు ప్రపంచానికి ఎక్కుతాయి. రాణి లెక్క అదీ. పని చేసింది కూడా.

ఓడ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ‘ఆగమెమ్నాన్’, దాని జంట ఓడ ‘అఖిలెఫ్స్’ ఇటలీలో తయారై గ్రీసుకు యుద్ధ పరిహారం కింద వచ్చినవి. 1947 పారిస్ ఒప్పందం ప్రకారం ఇటలీ గ్రీసుకు 10.5 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలి. 1940 అక్టోబరులో గ్రీసు మీదికి సైన్యాన్ని పంపిన రాజుగారి కొడుకు, గద్దె పోయిన రెండో ఉంబెర్తో, పద్నాలుగేళ్ల తర్వాత ఆ పరిహారపు ఓడలోనే గ్రీసు రాజు పాల్‌కు అతిథి. రోడ్స్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడి గ్రాండ్ మాస్టర్ కోటను 1930ల చివర్లో ఇటలీ పాలకులు మళ్లీ కట్టించింది తమ రాజుకీ ముస్సోలినీకీ విడిదిగా. దీవి గ్రీసు చేతికి వచ్చింది 1947లో.

ఉంబెర్తోకు ఇంకో చిక్కు. ప్రయాణం మొదలైన రేవు నేపుల్స్, అది ఇటలీలో ఉంది. 1948లో అమలుకు వచ్చిన ఇటలీ రాజ్యాంగం ఉంబెర్తో పుట్టిన సవోయ్ వంశపు మాజీ రాజులు, వాళ్ల భార్యలు, మగ సంతానం దేశంలో అడుగుపెట్టకూడదంది. 2002 దాకా ఆ మాట కదల్లేదు. కూతుళ్ల ప్రస్తావన అందులో లేదు. కాబట్టి ఉంబెర్తో కూతురు మరియా పియా ఇటలీలో తిరగొచ్చు, తండ్రీ తమ్ముడూ తిరగకూడదు. సవోయ్ కుటుంబమంతా నేపుల్స్ రేవులో కలిసి నడుస్తున్నారని రాసిన ఫొటో కనిపిస్తే నమ్మకండి.

ఓడలో పదవిలో ఉన్నవాళ్లు తక్కువ, పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువ. గ్రీసు పాల్, నెదర్లాండ్స్ జూలియానా, లగ్జెంబర్గ్ షార్లెట్ ఏలికలు. రొమేనియా మైకేల్, బల్గేరియా సిమియోన్, ఉంబెర్తో పదవి పోయినవాళ్లు. స్పెయిన్ డాన్ హువాన్‌కు, ఫ్రాన్స్ కౌంట్ ఆఫ్ పారిస్‌కు ఉన్నది హక్కే, సింహాసనం లేదు. వీళ్లను భోజనాల దగ్గర హోదా ప్రకారం కూర్చోబెట్టబోతే మొదటి రాత్రే మొహాలు మాడతాయి. అందుకే ఫ్రెడెరికా ప్రొటోకాల్ పక్కనపెట్టేసి చీట్లు వేయించింది. చీటీలో ఏ కుర్చీ వస్తే అదే. మొత్తం ఏర్పాట్లలో నాకు బాగా తెలివైనదిగా అనిపించేది ఇదే.

ఇక పెళ్లిళ్లు. ఈ ప్రయాణం తర్వాత వెంటనే జరిగింది మరియా పియాకూ యుగోస్లావియా యువరాజు అలెగ్జాండర్‌కూ, 1955 ఫిబ్రవరిలో, పోర్చుగల్‌లోని కష్కాయిష్‌లో. అందరూ చెప్పుకునే హువాన్ కార్లోస్, సోఫియా జంట విషయానికొస్తే, అప్పటికి అతనికి 16, ఆమెకు 15. ‘ఓడలో ప్రేమ’ అని రాసేవాళ్లు తర్వాతి ఏడేళ్లు మింగేస్తారు. మాట ముదిరింది 1961 జూన్‌లో యార్క్‌లో డ్యూక్ ఆఫ్ కెంట్ పెళ్లి దగ్గర. నిశ్చితార్థం ఆ సెప్టెంబరులో, పెళ్లి 1962 మే 14న ఏథెన్స్‌లో, కేథలిక్ పద్ధతిలో ఒకసారి, ఆర్థడాక్స్ పద్ధతిలో ఒకసారి. చుట్టరికం కూడా ఉంది. అతని తండ్రి తల్లి, ఆమె తండ్రి తల్లి ఇద్దరూ విక్టోరియా మహారాణి మనవరాళ్లు, వేర్వేరు కూతుళ్ల బిడ్డలు. ఇదే ఫ్రెడెరికా తర్వాతి కాలంలో మద్రాసులో ఉండి అద్వైతం చదువుకుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఫొటోల్లో పోల్చుకోవడానికి ముందు వయసులు పట్టుకోండి. 1954 ఆగస్టు నాటికి నెదర్లాండ్స్ బియాట్రిక్స్‌కు 16, సిమియోన్‌కు 17, గ్రీసు కాన్‌స్టంటైన్‌కు 14, మరియా పియాకు ఇరవై నిండబోతున్నాయి. ఆ తర్వాత ఒకే పేరున్నవాళ్లను విడదీయాలి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. ఐరీన్‌లు ఇద్దరు: డచ్ ఐరీన్‌కు 15, గ్రీకు ఐరీన్‌కు 12. పాల్‌లు ఇద్దరు: ఒకరు గ్రీసు రాజు, రెండోవారు యుగోస్లావియా రాజప్రతినిధిగా చేసిన పాల్, పైన చెప్పిన పెళ్లికొడుకు అలెగ్జాండర్ తండ్రి. అలెగ్జాండర్‌లూ ఇద్దరే: ఈ పెళ్లికొడుక్కి అప్పుడు 30, యుగోస్లావియా మాజీ రాజు పీటర్ కొడుకు అలెగ్జాండర్‌కు తొమ్మిదేళ్లు. ఇంటర్నెట్‌లో ఈ ఇద్దరినీ కలిపేసిన వంశవృక్షాలు బోలెడు.

కింద రాసిన వివరాన్ని ఫొటోతో పాటు రాసిందనుకోకండి. ‘రాజు హువాన్ కార్లోస్, రాణి సోఫియా’ అని ఉంటే అది 1975 తర్వాత ఎవరో తగిలించింది. 1954లో స్పెయిన్‌ను ఏలుతున్నది ఫ్రాంకో.

వెనకాల కనిపించే చోటు కూడా చెబుతుంది. కింద సన్నగా, పైకి పోనుపోను లావుగా ఉన్న ఎర్ర స్తంభాలైతే అది క్రీట్‌లోని ప్రాచీన రాజభవనం క్నోసోస్. శాంటొరిని ఫొటోలైతే మరీ జాగ్రత్తగా చూడండి: 1956 జూలై 9 భూకంపంలో అక్కడ చాలా ఇళ్లు కూలాయి, ఇప్పుడు మనం చూసే తెల్లటి ఊళ్లలో చాలా భాగం తర్వాత కట్టినవే. ఇప్పటి కట్టడాలతో సరిపోల్చి ‘ఇది శాంటొరిని కాదు’ అని తేల్చేయకండి. ఇప్పుడు టూరిస్టులు శాంటొరినిలో చూసే ప్రాచీన పట్టణం అక్రోతిరి తవ్వకాలు 1967లో మొదలయ్యాయి, రాజుల దగ్గర ఆ ఫొటో ఉండే అవకాశమే లేదు.

దారి విషయం. అప్పుడు ఆగిన ముఖ్యమైన చోట్లు కోర్ఫు, ఒలింపియా, క్రీట్, రోడ్స్, శాంటొరిని, మైకొనోస్, ఎపిడారస్. ఇవన్నీ కలిపే మామూలు ఓడ సర్వీసు లేదు. క్రూయిజ్ ఓడలు కొన్ని ముక్కలు మాత్రమే కవర్ చేస్తాయి. సొంతంగా వెళ్లాలంటే ఇలా కలపండి: కోర్ఫు నుంచి ఫెర్రీలో ఇగుమెనిత్సా, అక్కడ కారు తీసుకుని రియో వంతెన మీదుగా ఒలింపియా, దీనికి ఒక పూటంతా పడుతుంది. తర్వాత నాఫ్‌ప్లియోలో దిగండి, ఎపిడారస్ థియేటరుకు కారులో 40 నిమిషాలు. జూలై, ఆగస్టుల్లో శుక్ర, శనివారాల రాత్రులు నాటకాలుంటాయి. రాతి మెట్ల మీద రెండు గంటలు కూర్చోవాలి, దిండు లేకపోతే నడుము పోతుంది. ఏథెన్స్ పక్కనున్న పిరెయస్ రేవు నుంచి రాత్రి ఫెర్రీ ఎక్కితే దాదాపు 9 గంటల్లో హెరాక్లియన్, క్నోసోస్ అక్కణ్ణుంచి 5 కిలోమీటర్లే. హెరాక్లియన్ నుంచి శాంటొరినికి హైస్పీడ్ బోటులో రెండు గంటలు, కానీ సీజన్‌లోనే. రోడ్స్‌ను ఈ వరసలో ఇరికిస్తే రెండు రోజులు వృథా, దానికి విమానమే మేలు.

శాంటొరినిలో చాలామంది పొరబడేది రేవు దగ్గర. ఫెర్రీలు ఆగేది అథినియోస్‌లో. క్రూయిజ్ ఓడలవాళ్లు దిగేది కొండ మీది ఊరు ఫిరా కింద ఉన్న పాత రేవులో. అక్కడ సముద్రం విపరీతమైన లోతు, పెద్ద ఓడ లంగరు వేయలేదు, అందుకే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. పైకి దాదాపు 590 మెట్లు. రాజుల కాలంలో కేబుల్ కారు లేదు, నడక లేదా కంచరగాడిదలే. ఇప్పుడు కేబుల్ కారుంది, కానీ మూడు క్రూయిజ్ ఓడలు ఒకేసారి ఆగిన రోజు క్యూ గంట దాటుతుంది. హోటల్ బుక్ చేసుకుని అథినియోస్‌లో దిగాల్సినవాళ్లు పాత రేవుకు టాక్సీ చెప్పుకుంటే అటు రోడ్డే లేదు.

ఆగస్టులో వెళ్లకపోతే మంచిది. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్తెమి గాలి రోజుల తరబడి వీస్తుంది. గాలి ముదిరితే మొదట ఆపేది హైస్పీడ్ బోట్లను, తర్వాత మైకొనోస్ నుంచి పక్కనే ఉన్న డెలోస్‌కు వెళ్లే చిన్న పడవలను. డెలోస్‌లో రాత్రి ఉండనివ్వరు, నీడ లేదు, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. జూన్ లేదా సెప్టెంబరు రెండో వారం తర్వాత పెట్టుకుని, తిరుగు విమానానికి ముందు కనీసం ఒక రోజు ఏథెన్స్‌లో ఖాళీగా ఉంచుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అమెరికాలో ఉంటున్నా షెంగెన్ వీసా తీసుకోవాలి. నేపుల్స్‌తో మొదలుపెట్టినా ఎక్కువ రోజులు గ్రీసులోనే కాబట్టి దరఖాస్తు గ్రీసుకు పెట్టాలి, ఇటలీకి కాదు.